క్యూ పక్కన యు లేకపోతే కొంప మునగదు

ఇంగ్లీషులో క్యూ రాస్తే వెంటనే యు రాయాలని మనందరికీ చిన్నప్పుడే నూరిపోశారు. క్వీన్, క్వశ్చన్, క్విక్... ఏది రాసినా ఆ రెండూ కొత్త దంపతుల్లా కలిసే తిరుగుతాయి. స్క్రాబుల్ ఆడే ఇళ్ళలో మాత్రం ఈ కాపురం సాగదు. ఆ ఆటలో 100 బిళ్ళలుంటే అందులో క్యూ ఒక్కటే, యులు నాలుగు. క్యూ మన చేతిలో పడి, యులన్నీ పక్కవాళ్ళకి పోయాయంటే, పది పాయింట్ల బిళ్ళ కాస్తా మెడకి కట్టిన గుదిబండ అవుతుంది. ఆట ముగిసేసరికి అది మన దగ్గరే ఉండిపోతే ఆ పది మన లెక్కలోంచి పోయి, ముందుగా బిళ్ళలు అయిపోయినవాళ్ళ లెక్కలో కలుస్తాయి.

అందుకే ఈ ఆట మరిగినవాళ్ళు జాబితాలు రాసుకుంటారు. యు లేని క్యూ మాటలు, రెండక్షరాల మాటలు, అచ్చులు లేని మాటలు, అవే అక్షరాల్ని అటూ ఇటూ మారిస్తే వచ్చే మాటలు. "జాబితాలు బట్టీ పట్టి ఆడటం ఏం ఆట? మోసం కాదూ?" అనేవాళ్ళు ప్రతి చుట్టాల గుంపులోనూ ఒకరుంటారు. నేను వాళ్ళతో ఒప్పుకోను. ఆ జాబితా ఇంట్లో అందరికీ కనిపించే చోట ఉండాలంటాను. ముఖ్యంగా మనలాంటి ఇళ్ళలో ఉండాలి. అంటే, ఎవరికెంత ఇంగ్లీషు వచ్చో చూసి మనిషికి విలువ కట్టే అలవాటున్న ఇళ్ళలో.

ముందు ఆ జాబితాలో ఏముందో చూద్దాం.

అన్నిటికంటే పనికొచ్చేది రెండక్షరాలది: క్యూ, ఐ. చైనావాళ్ళు ప్రాణశక్తిని అనే మాట. పలకడం 'చీ' అని. మన ఇళ్ళలో చీ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు కాబట్టి పిల్లలకి ఒక్కసారి చెప్తే జన్మలో మర్చిపోరు. అమెరికా వాళ్ళ జాబితాలోకి ఇది 2006లో వచ్చింది. ఆ రోజు నుంచీ అక్కడ క్యూ అంటే భయం సగం తగ్గిపోయింది.

మిగతావాటిని చూస్తే నాకు భలే ముచ్చటేస్తుంది. ఫకీర్, బురఖా, నిఖాబ్, తలాఖ్, ఖవ్వాలీ. వీటన్నిటినీ క్యూతో రాస్తారు, క్యూ పక్కన యు ఉండదు. అరబ్బుల బజారుని 'సూఖ్' అంటారు, దాన్ని ఎస్, యు, క్యూ అని మూడక్షరాల్లో ముగించేయొచ్చు. తీర్పు చెప్పే ఖాజీగారు కూడా క్యూ, ఏ, డి, ఐ అనే వేషంలో ఉన్నారు. హైదరాబాదులో నాలుగేళ్ళు కాపురం చేసిన ఏ ఇల్లాలికీ ఇవి కొత్త మాటలు కావు. ఫకీరు అయితే పల్లెటూళ్ళలో కూడా ఎప్పుడో తెలుగువాడైపోయాడు. కాన్వెంటులో చదివిన పిల్లలు యు కోసం సంచీలో చెయ్యి పెట్టి తడుముతుంటే, చార్మినార్ దగ్గర గాజులు బేరమాడిన అమ్మకి ఆ మాటలు నోటిదాకా వచ్చి ఉంటాయి. అవి ఇంగ్లీషు నిఘంటువులో ఉన్నాయని మాత్రం ఆవిడకి తెలియదు. ఆ ఒక్క సంగతీ చెప్పేదే జాబితా.

అసలు యు ఎందుకు లేదంటే, అరబీలో గొంతు లోపలి నుంచి పలికే ఒక 'క' ఉంది. ఇంగ్లీషు లిపిలో రాసేటప్పుడు మామూలు 'క'కి కె వాడి, దీనికి క్యూ కేటాయించారు. యుతో దానికి పనే లేదు. ఇంకో విశేషం, క్వీన్‌కి కూడా పుట్టుకతో క్యూ లేదు. పాత ఇంగ్లీషులో ఆ మాటని సి, డబ్ల్యూలతో రాసేవారు. ఫ్రెంచి మాట్లాడే రాజులు వచ్చాక ఈ క్యూ, యు జంట కుదిరింది. అంటే మనం జన్మహక్కు అనుకున్న స్పెల్లింగు కూడా ఒకనాడు బయటినుంచి వచ్చిందే.

అచ్చులు లేని మాటల జాబితా ఇంకా సులువు. చేతిలో ఏడు బిళ్ళలూ హల్లులే వచ్చినప్పుడు హెచ్, ఎమ్, ఎమ్ పెట్టేయొచ్చు. "ఊఁ" అన్నమాట. పేపర్లో తల దూర్చిన మావారు నా ప్రశ్నలన్నిటికీ ఇచ్చే జవాబు అదే, దానికి పది పాయింట్లు. "ష్" అని నోరు మూయించడానికి ఎస్, హెచ్, హెచ్ పెడితే తొమ్మిది. చలికి వణికితే బి, ఆర్, ఆర్. వీటికి డిగ్రీ ఏమన్నా కావాలా చెప్పండి?

మన వంటింటి సరుకూ తక్కువేం కాదు. కాలిన్స్ వాళ్ళ స్క్రాబుల్ జాబితాలో ఇడ్లీ ఉంది, దోసె ఉంది, నెయ్యి ఉంది. సాంబారు ఉంది గానీ, ఇంగ్లీషువాళ్ళకి అది అడవిలో తిరిగే పెద్ద కొమ్ముల దుప్పి పేరు కూడా. పప్పుని హిందీ 'దాల్' నుంచి తీసుకుని మూడు రకాలుగా రాసుకున్నారు. మూడక్షరాలు పెట్టినా, మధ్యలో హెచ్ ముందుకో వెనక్కో జరిపినా చెల్లుతుంది. మన 'పప్పు' మాత్రం చెల్లదు. దాని చివర ఎస్ తగిలిస్తే చెల్లుతుంది, ఎందుకంటే గాలికి ఎగిరే గింజల మీద ఉండే దూదిలాంటి కుచ్చుకి ఇంగ్లీషులో ఆ పేరుంది. అందులో పిలు మూడు కావాలి, ఆటలో ఉన్నవి రెండే, కాబట్టి ఖాళీ బిళ్ళ ఒకటి దొరకాలి.

అచ్చ తెలుగు సంతానం కూడా ఒకటుంది: బ్యాండికూట్. మన పందికొక్కే. ధాన్యం కొట్లో మనల్ని ఏడిపించిన ప్రాణి ఓడెక్కి వెళ్ళి ఇంగ్లీషు నిఘంటువులో చేరింది. చివరికి ఆస్ట్రేలియాలో ఏ సంబంధమూ లేని ఇంకో జంతువుకి కూడా ఆ పేరే పెట్టారు. తెలుగు నుంచి ప్రపంచానికి వెళ్ళిన మాట ఏదైనా చెప్పమని పిల్లలడిగితే నేను మొదట చెప్పేది ఇదే.

ఇక పాయింట్ల సంగతి. లక్షకి ఇంగ్లీషులో రాసే 'లాఖ్' పెడితే 11 పాయింట్లు. కోటికి రాసే 'క్రోర్' పెడితే 7. లక్ష కంటే కోటి తక్కువయ్యే చోటు ప్రపంచంలో ఇదొక్కటేనేమో. దీన్ని నవ్వుకుని వదిలేయకండి, నా వాదనంతా ఇందులోనే ఉంది. ఈ ఆట మాట విలువ కట్టదు, అక్షరం ఎంత అరుదో చూసి కడుతుంది. 1930ల్లో అమెరికాలో ఆర్థికమాంద్యం వచ్చి పనిపోయిన ఆల్ఫ్రెడ్ మోషర్ బట్స్ అనే ఆర్కిటెక్టు ఈ ఆట తయారుచేశాడు. న్యూయార్క్ టైమ్స్ పత్రిక మొదటి పేజీలో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టి, దాన్ని బట్టి బిళ్ళలూ పాయింట్లూ నిర్ణయించాడు. అందుకే ఇ బిళ్ళలు 12, ఒక్కోటి ఒక్క పాయింటు. క్యూ, జెడ్ ఒక్కొక్కటే, పదేసి పాయింట్లు. స్క్రాబుల్ అన్న పేరు 1948లో జేమ్స్ బ్రూనో పెట్టాడు. పుట్టుకలోనే ఇది లెక్కల ఆట. ఇంగ్లీషు దానికి ముడిసరుకు మాత్రమే.

ఈ సంగతి మా ఇంట్లో అందరికంటే ముందు అర్థం చేసుకున్నది మా అత్తగారు. ఆవిడ ఎనిమిదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివారు. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, వాక్యం రాదు. పిల్లలు ఆడుతుంటే పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ చూసేవారు. ఓ వేసవిలో రెండక్షరాల మాటలు రాసివ్వమని మా అమ్మాయిని అడిగి, వడియాల లెక్క రాసే నోటుపుస్తకంలో వెనకనుంచి మొదలుపెట్టి రాయించుకున్నారు. వందకి పైగా ఉంటాయి అవి. రోజుకి ఐదు. ఏ, ఏ అంటే హవాయి దీవుల్లో గరుకుగా గడ్డకట్టిన లావా. ఏ, ఐ అంటే ఇప్పుడు అందరూ అనే ఏఐ కాదు, మూడు గోళ్ళతో చెట్టుకి వేలాడే బద్ధకపు జంతువు. జెడ్, ఓ అంటే టిబెట్ వైపు ఆవుకీ జడలబర్రెకీ పుట్టిన పశువు. కొన్నిటి అర్థం ఆవిడకి గుర్తుండేది, కొన్నిటిది ఉండేది కాదు. ఏ గడిలో పెడితే పాయింట్లు రెట్టింపో, మూడింతలో మాత్రం ఎప్పుడూ తప్పేవారు కాదు. పచారీ చీటీ నోటితో కూడిన మనిషికి ఆ లెక్క ఎంతసేపు?

దసరాకి మా ఆడపడుచు కొడుకు వచ్చాడు. ఇంజనీరు, ఇంగ్లీషు దంచేస్తాడు. ఆవిడ చేతిలో 40 పాయింట్ల తేడాతో ఓడిపోయి, "అర్థం తెలియని మాటలు పెడితే ఎలా అమ్మమ్మా, అది ఫెయిర్ కాదు" అన్నాడు. ఆవిడ బిళ్ళలు సంచీలో వేస్తూ, "చదరంగంలో గుర్రం గడ్డి తింటుందేమిట్రా? ఎటు గెంతుతుందో తెలిస్తే చాలదూ?" అన్నారు.

ఆవిడ అన్నదానికి ప్రపంచంలో సాక్ష్యం ఉంది. న్యూజిలాండ్‌కి చెందిన నైజెల్ రిచర్డ్స్‌కి ఫ్రెంచి మాట్లాడటం రాదు. తొమ్మిది వారాల పాటు ఫ్రెంచి మాటల జాబితా చదివి, 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీలో గెలిచాడు. 2024లో స్పానిష్‌లోనూ అదే పని చేశాడు. ఇంగ్లీషు పరాయిభాష అయిన థాయ్‌లాండ్ ఆటగాళ్ళు 2003లో, మళ్ళీ 2009లో ఇంగ్లీషు పోటీలో ప్రపంచ విజేతలయ్యారు. అక్కడ చాలామంది మాటల అర్థాల జోలికి పోకుండా అక్షరాల వరసలు నేర్చుకునే ఆడతారు. వాళ్ళని మోసగాళ్ళని ఎవరూ అనలేదు. ఎనిమిదో తరగతి చదివిన అమ్మమ్మ అదే పని చేస్తే ఎందుకు మింగుడుపడదు?

నాకు తెలిసిన కారణం ఒకటే. ఇంగ్లీషు మన ఇళ్ళలో భాషగా కంటే హోదాగా కూర్చుంది. మా పిల్లలు చదివిన ఓ బడిలో, పేరెందుకులెండి, తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళి నేను తెలుగులో ప్రశ్న అడిగితే టీచరుగారు జవాబు మావారి వైపు తిరిగి చెప్పారు. రోజూ పక్కన కూర్చుని హోంవర్కు చేయించేది నేను. మావారికి పిల్లల సెక్షన్ కూడా సరిగ్గా తెలియదు. ఇలాంటివి మీలో ఎంతమందికి అనుభవమో నేను ఊహించగలను. ఇంటికొచ్చాక పిల్లలు కూడా అదే నేర్చుకుంటారు. "అమ్మా, నీకు తెలీదులే" అన్న మాట ఎనిమిదేళ్ళకే వచ్చేస్తుంది. అమ్మకే అలా ఉంటే, నానమ్మని ఆటకి పిలవాలన్న ఆలోచనే రాదు.

అక్షరాల జాబితా ఈ వరసని కాస్త కదిలిస్తుంది. చెక్క బిళ్ళకి ఉచ్చారణ లేదు. మీది ఏ ఊరి యాస అని బోర్డు అడగదు. 225 గళ్ళ ముందు కూర్చున్న నలుగురికీ చేతిలో ఏడేసి బిళ్ళలే. జాబితా దొరికిన మనిషికి ఓపిక, జ్ఞాపకం, లెక్క ఉంటే చాలు. ఆ మూడూ మన ఇళ్ళలో ఆడవాళ్ళకి కొదవలేదు.

ఇలా అన్నానని బట్టీ చదువుని వెనకేసుకొస్తున్నానుకోకండి. పెద్దవాళ్ళ సంగతి వేరు, పిల్లల సంగతి వేరు. మన పిల్లలు ఇప్పటికే సైన్సు బట్టీ, సోషల్ బట్టీ, ఆఖరికి తెలుగు పద్యం కూడా భావం తెలియకుండా బట్టీ. ఆటలో కూడా అదే చేస్తే వాళ్ళకి మాట అంటే మార్కే అవుతుంది. బురఖాకి 16 అని తెలిసి, బురఖా వేసుకున్న పక్కింటి ఆంటీని పలకరించడం రాకపోతే ఏం లాభం? నానమ్మకి ఆ జీవితం ముందే తెలుసు, జాబితా తర్వాత వచ్చింది. పిల్లలకి జాబితా ముందు వస్తోంది, జీవితం మనం చూపించాలి.

వర్డిల్ సంగతి గుర్తు చేసుకోండి. ఐదక్షరాల మాటని ఆరు ప్రయత్నాల్లో కనుక్కునే ఆట. అమెరికాలో ఉన్న బంధువులు పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో పచ్చ, పసుపు గళ్ళు పెడుతుంటారే, అదే. జాష్ వార్డిల్ అనే ఇంజనీరు దాన్ని తన జీవిత భాగస్వామి పలక్ షా కోసం తయారుచేశాడు. ఇంగ్లీషులో ఐదక్షరాల మాటలు సుమారు 12,000 దొరికితే, పలక్ షా కూర్చుని తనకి తెలిసినవేవో, తెలియనివేవో వేరుచేసింది. జవాబులుగా దాదాపు 2,500 మాటలు మిగిలాయి. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ ఆ ఆటని కొనుక్కుంది. లోకమంతా ఆడిన ఆట వెనక ఉన్న జాబితాని ఒక ఇంట్లో ఇద్దరి కోసం ఏరారు, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. నాకు నచ్చిందేమిటంటే, పండితులు ఒప్పుకున్న మాటలని కాకుండా ఇంటి మనిషికి తెలిసిన మాటలని కొలతగా పెట్టుకున్నారు.

అక్షరాలకి నియమాలు పెట్టి ఆడటం మనకి పరాయి సరదా ఏమీ కాదు. అవధానంలో నిషిద్ధాక్షరి అంటే ఏమిటి? పృచ్ఛకుడు అడుగడుగునా ఒక అక్షరం వాడకూడదంటాడు, అవధాని తప్పించుకుంటూ పద్యం చెప్పాలి. న్యస్తాక్షరిలో ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరమే రావాలి. దత్తపదిలో నాలుగు మాటలిచ్చి, అవి వచ్చేలా పద్యం అల్లమంటారు. ఒక్కోసారి ఇంగ్లీషు మాటలే ఇచ్చి, రామాయణార్థంలో చెప్పమని కూడా అడుగుతారు. తేడా ఏమిటంటే, అక్కడ అర్థం కుదరకపోతే ఆట లేదు. స్క్రాబుల్‌లో అర్థం లేకపోయినా ఆట ఉంది. అందుకే ఆ అర్థాన్ని ఇంట్లోవాళ్ళే విడిగా వడ్డించాలి.

దీనికి నేను పెట్టిన నియమాలు మూడే.

మొదటిది, ఏ జాబితాతో ఆడుతున్నామో ఆటకి ముందే తేల్చుకోవాలి. అమెరికా, కెనడాల్లో ఒక జాబితా, మిగతా చాలా దేశాల్లో కాలిన్స్ జాబితా. రెండిటికీ తేడాలున్నాయి. మనం రోజుకి వందసార్లు అనే 'ఓకే' కూడా అమెరికా వాళ్ళ స్క్రాబుల్ నిఘంటువులోకి 2018లో, కాలిన్స్‌లోకి 2019లో వచ్చింది. పాత పుస్తకం చూసేవాళ్ళూ కొత్త యాప్ చూసేవాళ్ళూ ఒకే బోర్డు ముందు కూర్చుంటే ఆట కాదు, ఆస్తి తగాదా అవుతుంది. ఒప్పుకున్న జాబితా ఒకటే ఉండాలి, అది అందరి చేతికీ అందాలి. ఒకరి ఫోనులో దాచుకుంటే మాత్రం నిజంగానే మోసం.

రెండోది, ఆట మధ్యలో "దానికి అర్థం చెప్పు చూద్దాం" అని ఎవరూ ఎవర్నీ నిలదీయకూడదు. అది ఓడిపోతున్నవాళ్ళు వేసే ఎత్తు. ఆట అయ్యాక, ఆ రోజు వచ్చిన కొత్త మాటలన్నిటికీ ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళు నిఘంటువు చూసి తెలుగులో అర్థం చెప్పాలి. తెలుగులోనే. అప్పుడు నానమ్మకి ఇంగ్లీషు మాట దక్కుతుంది, మనవడికి తెలుగు మాట దక్కుతుంది. మా వాడికి లోయ, కనుమ, గుట్ట వేరువేరని తెలిసింది ఇలాగే. వేల్స్ భాష నుంచి వచ్చిన సి, డబ్ల్యూ, ఎమ్ అనే మూడక్షరాల మాటకి అర్థం చెప్పబోయి తెలుసుకున్నాడు.

మూడోది, బోర్డు దగ్గర ఎవరి ఉచ్చారణా దిద్దకూడదు. ఈ నియమం విషయంలో నేను చాలా కచ్చితం. తప్పు పలికితే నవ్వినవాళ్ళకి ఆ వంతు పోతుంది. మొదట్లో మా అబ్బాయికి రెండుసార్లు వంతు పోయింది, తర్వాత ఎవరికీ పోలేదు.

మీ ఇంట్లో ఎక్కడ మొదలుపెట్టాలంటారా? ముందు రెండక్షరాల మాటలు. ఆ తర్వాత యు లేని క్యూ మాటలు, పైన చెప్పినవి ఎనిమిదీ తొమ్మిదీ చాలు. ఆ తర్వాత జె, ఎక్స్, జెడ్ ఉన్న చిన్న మాటలు. చివరగా అక్షరాలు తిరగేస్తే వచ్చేవి. స్టాప్ అనే నాలుగక్షరాల్నే మార్చి పేరిస్తే పోస్ట్, స్పాట్, టాప్స్, ఆప్ట్స్, పాట్స్ వస్తాయి. టీ అక్షరాలు మారిస్తే తినడం వస్తుంది. చేతిలో ఏడు బిళ్ళలూ ఒకేసారి పెట్టగలిగితే 50 పాయింట్ల బహుమతి ఉంది. ఖవ్వాలీకి ఇంగ్లీషులో సరిగ్గా ఏడక్షరాలు. గళ్ళ బోనస్ లేకపోయినా 22కి 50 కలిపి 72. నాకు ఇంతవరకు ఆ బిళ్ళలన్నీ ఒక్కసారి రాలేదు. వచ్చిన రోజున సెలవుకి వచ్చే ఆ ఇంజనీరు ఎదురుగా ఉంటే బాగుండును.

జాబితాని మాత్రం తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి. పిల్లల పుస్తకాల అలమరలో పెట్టకండి. అత్తగారికో అమ్మకో కళ్ళజోడు లేకుండా కనిపించే చోట, వాళ్ళు రోజూ నిలబడే చోట అంటించండి. ఆటకి వాళ్ళని పిలవండి. రానంటే ఇంకోసారి పిలవండి.